పెద్దకోడలు పడిపోయింది

గుణుపురం తాసిల్దారాఫీసులో
ఫ్యాను గాలికి ఎగిరిపోతున్న కాగితం మీద
నా స్క్రూడ్రైవరు బరువు పెట్టి చదివాను:
"ఇకపై కంప్యూటర్లలో ఎవరూ
మాస్టరు కారాదు, ఎవరూ స్లేవు కారాదు."
కింద మూడు సంతకాలు,
నాలుగో సంతకంలా ఒక టీ మరక.

నేను రిపేరువాణ్ణి.
వంశధార ఇవతలి గట్టున షాపు.
బోర్డు మీద నా పేరు ఒడియాలో ఒకలా, తెలుగులో ఇంకొకలా.
ఏ పేరుతో పిలిచినా పలుకుతాను,
అప్పులవాళ్ళు రెండు పేర్లతోనూ వస్తారు.

పాత స్టికర్లు పీకాలి, కొత్తవి అంటించాలి, అంతే పని.
కానీ కొత్త పేరేది?
హెడ్డు గుమాస్తా పాఢిబాబు పానుని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి బదిలీ చేసి
"గురువు, శిష్యుడు" అన్నారు.
శిష్యుడు రెండో ఏడే కుర్చీకి ఎసరు పెడతాడని
ఆయనకే గుర్తొచ్చి ఊరుకున్నారు.
"మొగుడూ పెళ్ళాం..." అని ఆరై గారు అంటూండగానే
డేటా ఎంట్రీ కస్తూరమ్మ కీబోర్డు మీంచి తలెత్తింది.
ఆ సూచన తన ఫైలు తనే మూసుకుంది.
ఆఖరికి ఆవిడే తేల్చింది:
"ఒకర్తి చెప్తాది, ఒకర్తి చేస్తాది.
చెప్పిందాయి పడిపోతే చేసిందాయే ఇల్లంతా మొయ్యాల.
తోటికోడళ్ళని పెట్టీయండి, గొడవొదిలిపోద్ది."

ఇక అందరికీ ఊపొచ్చింది.
ప్రోగ్రాముని చంపు అనరాదు, సాగనంపు అనాలి.
అమ్మ ప్రోగ్రాం పోయిన అనాథని
మేనమామ ఇంట పెరిగేది అనాలి.
సర్వరు చచ్చిందనొద్దు;
స్నానపున్నమి నాడు తడిసి జగన్నాథుడికి జొరమొచ్చినట్టు
"అణసరలో ఉంది, దర్శనం లేదు" అంటే
జనం దండం పెట్టుకుని ఇంటికి పోతారు.
ఇది పాఢిబాబుకి మహా నచ్చింది.
ఆ ఏడు మా ఆఫీసులో అణసర
పక్షం రోజులతో ఆగలేదు.

బ్లాక్‌లిస్టు దగ్గర కాసేపు చిక్కుపడ్డాం.
నలుపంటే తప్పేంటండీ, నా రంగు చూడండి అన్నాను.
అందుకే, అన్నారు.
సరే, "పక్కనుంచిన వారి పట్టిక."
(నా మూడు నెలల బిల్లు అప్పటికే అందులో ఉంది.)
కిటికీ అవతల కార్డు పట్టుకుని పోలమ్మ:
"నాయనా, నా పేరు నల్లదాన్లో ఉందన్నారు?"
"లేదు మామ్మా, ఆ మాట తీసీసినాం."
"సల్లగుండండి. మరి బియ్యం?"
కస్తూరమ్మ తెర వైపు చూసింది.
తెర అణసరలో ఉంది.

నేను స్టికర్లు గీకుతుంటే
అటెండరు దుంబురు సబర నిచ్చెన పట్టుకున్నాడు.
"స్లేవంటే ఏటి బాబూ?"
"గోతి" అన్నాను.
ఈ కొండల్లో ఆ మాటకి నిఘంటువు అక్కర్లేదు.
"ఓస్. మా తాత గోతే. మూడు కుంచాల సోళ్ళకి."
నిచ్చెన కదల్లేదు.
"తరవాత గోతి అనకూడదన్నారు, కంబారన్నారు.
మా అయ్య కేజువలు. నాను అవుటుసోర్సింగు.
పేరు మారినప్పుడల్లా ఇంట్లో కోడిని కోసీవోళ్ళం.
ఇప్పుడు కోళ్ళయిపోనాయి."

పీకిన మాస్టరు స్టికరుకి జిగురింకా చావలేదు,
తప్పు, సాగనంపబడలేదు.
దుంబురు దాన్ని తన అంబలి సీసాకి అంటించుకున్నాడు,
వంకరగా, గోటితో అంచులు నొక్కుతూ.

మధ్యాన్నం కరెంటు పోయింది.
పెద్దకోడలు పడిపోయింది.
చిన్నకోడలు మాట్లాడదు.
పాఢిబాబుకి కంగారులో కొత్త పేరు నోటికి రాక
వరండా దద్దరిల్లేలా అరిచారు:
"మాస్టరేడీ? ముందు మాస్టర్ని లేపండ్రా!"

వేపచెట్టు నీడలో దుంబురు
సీసా ఎత్తి, గుటక పూర్తి చేసి,
మూతి తుడుచుకుని,
"వొస్తన్నాడు" అన్నాడు.